ముప్పయ్యేడో నంబరు కాలు

ఆమెకి ఇరవై మూడేళ్లప్పుడు పెట్టిన పేరు ముప్పయ్యేడు. వయసనుకునేరు, కాలి సైజండీ బాబూ. ఆడవాళ్ల జోళ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరిన మొదటి రోజునే కుట్టుమిషన్ల దగ్గరివాళ్లు ఆ పేరు తగిలించేశారు. సొంత పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. నిజంగానే ముప్పయ్యేడేళ్లు నిండిన రోజున భోజనాల గదిలో అందరూ లేచి చప్పట్లు కొట్టి, "ఇన్నాళ్లకి పేరుకు తగ్గ వయసొచ్చిందే తల్లీ, ఇక్కడే ఆగిపో" అని ఆటపట్టించారు. ఇప్పుడామెకి నలభై రెండు దాటాయి. ఇంకా ముప్పయ్యేడనే పిలుస్తారు.

ఆమె చేసే పనేమిటో చెబితే ఎవరూ ఓ పట్టాన నమ్మరు. కాళ్లివ్వడం. ఫ్యాక్టరీలో ఏ కొత్తరకం జోడు తయారైనా ముందు ఆమె కాలికే తొడుగుతారు. గచ్చు మీద నలభై అడుగుల పొడవున తెల్లగీత గీసి ఉంటుంది. దాని వెంట అటూ ఇటూ నడిచి, ఎక్కడ నొక్కుతోందో, ఎక్కడ జారుతోందో చెప్పాలి. ఆమె సరేనంటే, ఆ జోడు ఏ పాదం ఆకారపు చెక్క అచ్చు మీద కుట్టారో దాన్ని చూసి మిషన్లు మిగతా సైజుల అచ్చులన్నీ కోసేస్తాయి. అంటే ముప్పయ్యేడు కాలికి హాయిగా ఉంటే ముప్పయ్యైదు నుంచి నలభై ఒకటి దాకా అందరి కాళ్లకీ హాయేనని లెక్క.

ఊరికే నడవడమేగా అని తీసిపారేయకండి. నడిచేటప్పుడు మన కాలు ఏం చేస్తోందో మనలో ఎవరికి తెలుసు? ఆమెకి తెలుసు. ముందు మడమ నేలకి తాకుతుంది. బరువు అరికాలి బయటి అంచు వెంట ముందుకి పాకుతుంది. అప్పుడు పాదం మెత్తబడి, నేల ఎలా ఉంటే అలా ఒదుగుతుంది. మడమ పైకి లేచే వేళకి అదే పాదం బిగుసుకుని, బొటనవేలి మొదలు మీదుగా మనిషిని ముందుకు తోస్తుంది. ఇరవై ఆరు ఎముకలు, వాటిని కట్టి ఉంచిన నరాలూ కలిసి ప్రతి అడుగుకీ ఈ పని చేస్తాయి. "ఒక్క అడుగులో మెత్తబడాలి, ఆ అడుగులోనే గట్టిపడాలి. పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆయనకి చేతకాని పని" అని కొత్తగా చేరిన అమ్మాయిలని నవ్విస్తూ ఉంటుంది.

నవ్వులు బాగానే ఉన్నాయి. కాలికున్న షరతులు వింటే మాత్రం నవ్వు రాదు. నెలనెలా మొదటి సోమవారం కొలతలు తీస్తారు. పొడవులో గానీ చుట్టుకొలతలో గానీ నాలుగు మిల్లీమీటర్లు తేడా వచ్చిందా, ఉద్యోగం ఊడినట్టే. ఉత్తకాళ్లతో వీధిలోకి వెళ్లకూడదు. పరిగెత్తకూడదు. బయట కొన్న జోళ్లు తొడగకూడదు. ఒళ్లు చెయ్యకూడదు, చిక్కిపోనూ కూడదు. ఆమెకి ముందున్న ముప్పయ్యేడు ఒక బిడ్డని కంది. కడుపుతో ఉన్నప్పుడు పాదాల కీళ్లు సడలి సాగుతాయట, పురుడయ్యాక కాలు అర సైజు పెరిగి కూర్చుంది. ఇంకేముంది, బిడ్డ చేతికొచ్చింది, పని చెయ్యిజారింది. ఆ సంగతి విన్నాక ఈమె 'వచ్చే ఏడు కందాం, ఆపై ఏడు కందాం' అంటూ వాయిదా వేసింది. తీరా కావాలనుకునేసరికి వయసు దాటిందన్నారు. ఎదురింటి పాప మెట్లెక్కుతూ ఆ బుల్లి అరికాళ్లు ఎత్తినప్పుడల్లా ఆమె చూపు తిప్పుకుంటుంది. గబుక్కున తలుపేసుకుంటుంది.

భర్త గడియారాలు బాగుచేసేవాడు. చూపు మందగించాక ఇంట్లోనే ఉంటూ వంట చేస్తాడు. ఆమె గుమ్మం దాటేటప్పుడు వేరేవాళ్ల మొగుళ్లలా "జాగ్రత్త" అనడు. "కాలు జాగ్రత్త" అంటాడు. స్నానాలగది తడి తనే తుడుస్తాడు. రోజూ సాయంత్రం ఆమె కాళ్లు ఒళ్లో పెట్టుకుని నూనె రాస్తాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు అది చూసి "రాసిపెట్టి ఉండాలమ్మా" అని కుళ్లుకుంటారు. ఆ ప్రేమ తన మీదో తన కాళ్ల మీదో ఆమెకి మాత్రం ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ ఇల్లు నడిచేది ఆ రెండు కాళ్ల మీదేనని ఇద్దరికీ తెలుసు.

ఫ్యాక్టరీలో ఆమెకి ఆప్తుడంటే ఒక్కడే, అచ్చులు చెక్కే బాబాయి. ముప్పై ఒక్కేళ్ల నుంచి వెనక గదిలో రంపంపొట్టు మధ్య కూర్చుని చెక్కపాదాలు చెక్కుతున్నాడు. నెల కొలతలు తీసేదీ ఆయనే. నిలబెట్టి తియ్యాలని రూలు. బాబాయి మాత్రం చాలా ఏళ్లుగా ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకుని టేపు చుట్టేవాడు. "నా నడుం వంగడం లేదమ్మాయ్, నువ్వే కూర్చో" అనేవాడు. పాపం, పెద్దాయన నడుమునొప్పి అనుకుంది ఆమె.

కుడికాలి నొప్పి ఏడేళ్ల కిందట మొదలైంది. లోపలి చీలమండ వెనక, ఎముక పక్కనుంచి, సన్నగా సలుపు. ఇంట్లో ఉత్తకాళ్లతో తిరిగితే వచ్చేది, ఫ్యాక్టరీ జోళ్లు తొడిగితే పోయేది. "చూశావా, మా కంపెనీ సరుకంటే అదీ" అని మొగుడి దగ్గర గొప్పలు కూడా పోయింది. ఈ ఏడు మాత్రం బస్సు మెట్టెక్కుతుంటే కుడి మడమ పైకి లేవనని మొరాయించింది. వెనకావిడ "కానీ అమ్మా, కానీ" అని నెట్టింది. ఆమె కమ్మీ పట్టుకుని ఎడమకాలి బలం మీద పైకెక్కింది.

సెలవు రోజు చూసుకుని, తెలిసినవాళ్లెవరూ తారసపడని పేటలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్కి వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్లే, ముప్పై కూడా ఉండవు. జోళ్లు విప్పించి, గోడకి ఎదురుగా నిలబెట్టి, తను వెనక్కి వెళ్లి కింద చతికిలబడింది.

"అక్కా, వెనకనుంచి చూస్తే ఎడమకాలికి వేళ్లు ఒకటిన్నర కనిపిస్తున్నాయి. కుడికాలికి మూడున్నర," అంది.

"అన్నీ ఐదేగా ఉన్నాయి!"

"ఉన్నాయి. కానీ మడమ లోపలికి ఒరిగి, పాదం ముందుభాగం బయటికి తిరిగిపోయింది. అందుకే అన్ని వేళ్లు బయటికి కనిపిస్తున్నాయి. ఇప్పుడు ఎడమకాలి మీదే నిలబడి మడమ ఎత్తండి."

మడమ చక్కగా లేచింది.

"కుడికాలి మీద?"

గోడ పట్టుకుంది. పళ్లు బిగబట్టింది. మడమ నేలకి అతుక్కుపోయినట్టు కదల్లేదు. ఏడుపు తన్నుకొచ్చింది.

డాక్టరమ్మ ఆమెని కూర్చోబెట్టి, పిక్క లోపలినుంచి చీలమండ వెనకగా అరికాలి కిందకి వేలితో గీత గీసింది. "ఇదిగో, ఇక్కడో స్నాయువు, అదే మనం నరం అంటామే, అది దిగి అరికాలి వంపుని పైకి లాగి పట్టుకుంటుంది. మీది సాగి సాగి బలం పోయింది. అందుకే వంపు కూలుతోంది. ఇది ఒక్కరోజులో అయ్యేది కాదు, ఏళ్లు పట్టి ఉంటుంది. మొదట్లో వచ్చి ఉంటే వ్యాయామాలతో, లోపల మెత్త పెట్టి నిలబెట్టేవాళ్లం. ఇప్పుడు సగం గట్టిపడింది. వంపు కింద ఎత్తు పెడితే దిగిన ఎముకకి ఒత్తుకుని చచ్చే నొప్పి పుడుతుంది. ఆపరేషన్ చేసి వంపు నిలబెట్టొచ్చు. మూడు నెలలు కాలు కింద పెట్టకూడదు. ఇంకో రెండేళ్లు ఆగితే మాత్రం కీళ్లు బిగుసుకుపోతాయి, అప్పుడు ఇంత కూడా కుదరదు."

"ఆపరేషన్ అయ్యాక కాలు సైజు ఇలాగే ఉంటుందా?"

"ఎందుకుంటుంది? ఆకారం మార్చడానికేగా చేసేది!" అని డాక్టరమ్మ నవ్వింది. ఆమె నవ్వలేకపోయింది.

ఇంటికొచ్చి నోరు విప్పలేదు. నూనె రాసే చేతులకి చీలమండ వాపు తగలకుండా నాలుగు వారాలపాటు ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంది. ఆమె అలా కక్కలేక మింగలేక తిరుగుతున్న రోజుల్లోనే ఫ్యాక్టరీలో గొడవ రేగింది. దుకాణాల నుంచి జోళ్లు తిరిగిరావడం మొదలైంది. అన్నిటికీ ఒకటే జబ్బు, మడమ లోపలి అంచు అరిగిపోవడం. కొన్నవాళ్లు రాసిన చీటీలు కూడా జతల్లో పెట్టి పంపారు. 'నాలుగు నెలలు తొడిగేసరికి చీలమండ లోపలివైపు నొప్పి' అని ఒక నర్సు రాసింది. 'రోజంతా నిలబడి పాఠం చెబుతాను, ఇప్పుడు నిలబడలేకపోతున్నాను' అని ఒక టీచరు రాసింది. మేనేజరు పాత నమూనా గీతలు తెప్పించి అచ్చుల్ని వాటితో పోల్చి చూశాడు. అరికాలి వంపు దగ్గర, లోపలివైపు ఉండాల్సిన లోతు లేదు. అచ్చులు చెక్కేదెవరు? బాబాయి. శుక్రవారం ఆఫీసుకొచ్చి తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టి వెళ్లిపొమ్మన్నారు.

ఆ కబురు వినగానే ఆమె అచ్చుల గదికి వెళ్లింది. బాబాయి పొట్టు ఊడుస్తున్నాడు.

"బాబాయ్, అచ్చులెందుకు తేడా వచ్చాయి?"

"వయసైపోయిందమ్మాయ్. చెయ్యి తప్పింది."

"నీ చెయ్యా? తప్పడమా? నా దగ్గరా ఈ కబుర్లు?"

ఆయన ఊడుస్తూనే ఉన్నాడు. అలమరలో ఏడాదికొకటి చొప్పున తారీఖులు వేసి దాచిన కుడికాలి అచ్చులున్నాయి. ఆమె వాటిని బల్ల మీద వరసగా పేర్చి, కళ్లు మూసుకుని, ఒక్కోదాని లోపలివైపు బొటనవేలితో తడిమింది. మొదటి దానిలో వేలు హాయిగా దిగింది. తర్వాతిదానిలో కాస్త తక్కువ. ఆ తర్వాతిదానిలో ఇంకాస్త తక్కువ. చివరి అచ్చులో వేలికి చోటే లేదు, చెక్క ఉబ్బి ఎదురొచ్చింది. రోజూ సాయంత్రం తను తడుముకునే ఆకారమే అది. ఆమె కళ్లు తెరిచింది.

"నీకు తెలుసు," అంది.

బాబాయి చీపురు పక్కన పెట్టాడు. "ఏడేళ్ల కిందటే నీ జోడు అరుగుదల చూసి పసిగట్టాను. నిలబెట్టి కొలిస్తే నాలుగు మిల్లీమీటర్లు దాటేసింది. కూర్చోబెడితే కాలి మీద బరువుండదు, వంపు కాస్త లేస్తుంది, కొలత సరిపోతుంది. అందుకని కూర్చోబెట్టాను. అచ్చుకి లోపలివైపు గోరు మందం తోలుముక్క అతికించాను, జోడు నిన్ను నొక్కకూడదని. అచ్చు ఉబ్బినచోట జోడులో అంత ఖాళీ వస్తుంది, వంపు కింద ఆనే ఎత్తు తగ్గుతుంది. మరుసటేడు ఆ ముక్కతో సహా కొత్త అచ్చు తయారైంది. దాని మీద ఇంకో ముక్క."

"ఎంత పని చేశావయ్యా! ఊళ్లో ఆడవాళ్లందరి కాళ్లకీ నా రోగం తొడిగావు కదా!"

"అంత దూరం ఆలోచించలేదే తల్లీ. బల్ల దగ్గర కూర్చున్నవాడికి ఎదురుగా నీ కాలొక్కటే కనబడుతుంది." ఆయన చివరి అచ్చు తీసి అలమరలో పెట్టేశాడు. "నేను సంతకం పెట్టేస్తాను. నాకింకా రెండేళ్లే సర్వీసు ఉంది. నువ్వు నోరెత్తకు."

ఆమెకి కోపమూ జాలీ ఒక్కసారే ముంచుకొచ్చాయి. నోరెత్తితే తన పని పోతుంది. ఎత్తకపోతే, తన కోసం తప్పు చేసినవాడు దొంగలా గేటు దాటాలి. ఎటూ పాలుపోక ఇంటికెళ్లి, మొగుడితో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆయన వంగి ఆమె చీలమండని వేళ్లతో తడిమాడు. "అంత వాచినా నాకు చెప్పలేదు," అన్నాడు. తల దించుకుని, "ఆయన పెడతానంటున్నాడుగా సంతకం. పెట్టనీ. మనకింకో దారి లేదే," అన్నాడు.

"నీకు సిగ్గుగా లేదూ?"

"ఉంది. భయం అంతకన్నా ఎక్కువుంది."

అబద్ధమాడాడా అంటే ఆడలేదు. అందుకే ఆమె ఆయన్ని తిట్టలేకపోయింది. దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగింది.

శుక్రవారం ఆఫీసు గదిలో బాబాయి కలం చేతికి తీసుకున్నాడో లేదో, ఆమె తలుపు తోసుకుని లోపలికొచ్చేసింది. జోళ్లు విప్పి పక్కన పెట్టి, మేనేజరుకి వీపు చూపించి నిలబడింది.

"సార్, నా కుడికాలికి వెనకనుంచి ఎన్ని వేళ్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి."

"ఏమిటమ్మా ఈ గోల?"

"లెక్కపెట్టండి సార్."

మేనేజరు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఆమె నరం సంగతీ, వంపు సంగతీ, డాక్టరమ్మ అన్న మాటలూ దాచకుండా చెప్పింది. "బాబాయి నా కాలినే చెక్కాడు. తప్పు నా కాలిది. నన్ను తీసెయ్యండి. నేను ఆపరేషన్ చేయించుకుంటాను. ఆ ఆడవాళ్లకి చెప్పి జోళ్లు వెనక్కి తీసుకోండి," అంది. ఆ మాటలనేసరికి గుండెల మీంచి బండ దిగినట్టు ప్రాణం తేలికపడింది. పంతొమ్మిదేళ్లలో అంత తేలిగ్గా ఎప్పుడూ లేదు.

ఆ తేలిక అట్టే నిలవలేదు. మేనేజరు లేచి తలుపు గడియ వేశాడు.

"మంచిదానివమ్మా. కూర్చో. చూడూ, కంపెనీ కాలికే ఆపరేషనంటే పత్రికలవాళ్లు ఊరుకుంటారా? ఏడేళ్ల సరుకు తిరిగొస్తుంది. గేటుకి తాళం పడుతుంది. కుట్టుమిషన్ల దగ్గర వందమంది ఉన్నారు. ఒక్కసారిగా అచ్చు మార్చినా అంతే, ఇన్నాళ్లూ తప్పు చేశామని మనమే చాటింపు వేసుకున్నట్టు. దుకాణాలకి తోలు నాసిరకమని చెబుతాం. అచ్చులాయన ఉంటాడు, నువ్వూ ఉంటావు."

"మరి నా కాలు?"

"అది ఎలా ఉందో అలాగే ఉండాలి. నువ్వు ఇక్కడ ఉన్నంతకాలం ఆ కాలికి ఏ వైద్యమూ చేయించనని రాసివ్వు. రాయనంటావా, అప్పుడు తప్పెవరిదో నేను ఎక్కడో ఒకచోట చూపించాలి కదమ్మా." ఆ మాటంటూ బాబాయి ముందున్న కాగితం మీద వేలుపెట్టాడు.

"నా కోసం రాసివ్వకు అమ్మాయ్," అన్నాడు బాబాయి. ఆయన కలం మళ్లీ కాగితం మీద ఆనించాడు.

ఆమె ఆయన వైపు చూసింది. మేనేజరు వేలి వైపు చూసింది. నిజం చెప్పేస్తే తలుపు తెరుచుకుంటుందనుకుంది పిచ్చిది. ఆ తలుపుకి గడియ పడుతుందని అనుకోలేదు. రాసిచ్చింది. ఇంటికెళ్తే మొగుడు "గండం గడిచింది" అని ఊపిరి పీల్చుకుని పాదాలు ఒళ్లోకి తీసుకోబోయాడు. ఆమె కాళ్లు ముడుచుకుని కూర్చుంది. "ఇవి నావి కావు, నీవీ కావు, వదిలెయ్," అని భోరుమంది.

సోమవారం నాడు, వచ్చే సీజనుకి అచ్చు మొదలుపెట్టాలి. బాబాయి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, పాదం మోకాలి మీద పెట్టుకున్నాడు. టేపు చుట్టబోయి ఆగి, "నొప్పిగా ఉందా?" అన్నాడు.

"చాలా ఉంది బాబాయ్."

"ఎక్కడ?"

ఆమె చూపించింది. ఆయన ఆ చోటుకి సరిగ్గా అచ్చు మీద పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టాడు. చుట్టి, అలవాటుకొద్దీ జిగురు డబ్బా మూత తీసి, తోలుముక్క ఒకటి ఏరుకున్నాడు. ఆమెకి నొప్పి ఉంటే ఆ పెద్దాయన చేతనైన సాయం అదొక్కటే.

ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

"అతికించకు. ఇకనుంచి గీకు."

"ఏమిటే?"

"ఏడేళ్లు ఎలా అతికించావో అలాగే తీసెయ్యి. సీజనుకి గోరు మందం. అంత సన్నగా తీస్తే సారుకి తెలియదు. వేసుకుని నడిచేది నేనేగా, బాగుందనే చెబుతాను."

"పిచ్చిదానా, అచ్చు తగ్గితే జోడులో వంపు కింద ఎత్తు లేస్తుంది, దిగిన ఎముకకి ఒత్తుకుంటుంది. సీజను సీజనుకీ ఎక్కువవుతుంది. తట్టుకోలేవు."

"తెలుసు." ఆమె ముక్కు ఎగబీల్చి, బల్ల మీది ఆకురాయి తీసి ఆయన చేతిలో పెట్టింది. "కానియ్ బాబాయ్. మిగతావాళ్ల కాళ్లు వాళ్లకుండనీ."